సార్దీస్ వీధిలో యాకోబు అంగడి

కొన్ని వారములుగా ప్రకటన గ్రంథములోని ఏడు సంఘముల గూర్చి ధ్యానించుకుంటున్నాము. ఈ వారము మూడవ అధ్యాయము మొదటి ఆరు వచనములు, అనగా సార్దీస్ సంఘమునకు వ్రాయబడిన లేఖ మన ముందున్నది. ఆ వచనములను మీ బైబిలులో తెరచి పెట్టుకొనండి. అయితే ఈ రోజు నేను ఆ లేఖను వచనము వెంబడి వచనముగా వివరించబోవడం లేదు. ఆ లేఖ అందిన తరువాత ఆ ఊరు ఏమైనది? అక్కడి విశ్వాసులు ఎక్కడ కొన్నారు, ఏమి అమ్మారు, ప్రక్కింట్లో ఎవరున్నారు? ఈ సంగతులు చెప్పాలని ఆశపడుతున్నాను.

ఎందుకంటే మనము సాధారణంగా వినే మాట ఒకటున్నది. సార్దీస్ చచ్చిన సంఘము, కాబట్టి ఆ ఊరూ చచ్చిపోయింది, ఈ రోజు రాళ్ళు మాత్రమే మిగిలినవి అని చెప్పి ప్రసంగము ముగిస్తారు. వినడానికి గంభీరముగా ఉంటుంది గాని చరిత్ర అలా జరగలేదు. ప్రభువు గద్దింపు అందుకున్న తరువాత ఆ పట్టణము ఇంకా అయిదు వందల సంవత్సరములకు పైగా కళకళలాడింది. క్రీ.శ. 325లో నీకయ మహాసభ జరిగినప్పుడు సార్దీస్ బిషప్పు అక్కడ కూర్చున్నాడు. అప్పటికి లుదియ మండలమంతటికీ అదే ముఖ్యపట్టణము. సైన్యమునకు డాళ్ళు, ఆయుధములు తయారుచేసే చక్రవర్తి కర్మాగారము కూడా ఆ ఊరిలో ఉండేది.

ముందు ఆ ఊరు ఎక్కడున్నదో చెప్తాను. నేటి టర్కీ దేశపు పశ్చిమ భాగములో ఇజ్మీర్ అనే పెద్ద నగరమున్నది. అదే మన బైబిలులోని స్ముర్న. అక్కడి నుండి తూర్పుగా సుమారు 90 కిలోమీటర్లు వెళ్తే సార్ట్ అనే చిన్న గ్రామము వస్తుంది. పేరులోనే పాత పేరు వినిపిస్తుంది. ఒక ప్రక్క కొండ, ప్రక్కనే పక్తోలు అనే ఏరు. ఆ ఏటి ఇసుకలో బంగారము దొరికేది. ధనవంతుడైన క్రీసస్ రాజు కథలు విన్నారు గదా, ఆయన రాజధాని ఇదే. క్రీ.పూ. 6వ శతాబ్దములో పారసీక రాజైన కోరెషు దీనిని పట్టుకున్నాడు. ఓబద్యా గ్రంథము 20వ వచనములో సెఫారాదు అనే స్థలము కనబడుతుంది. అది సార్దీస్ అని చాలామంది పండితుల అభిప్రాయము. ఊరికే ఊహించి చెప్పిన మాట కాదు. సార్దీస్‌లోనే దొరికిన ఒక శిలాశాసనము లుదియ భాషలోను అరామిక్ భాషలోను ఉన్నది. అందులో ఆ ఊరి అరామిక్ పేరు ఇంచుమించు ఆ అక్షరములతోనే వ్రాయబడియున్నది.

క్రీ.శ. 17లో పెద్ద భూకంపము వచ్చి ఊరు నేలమట్టమైంది. అప్పుడు తిబెరి కైసరు డబ్బు పంపించి, అయిదు సంవత్సరములు పన్నులు రద్దు చేశాడు. ఊరు మరల లేచింది. పత్మసు ద్వీపములో యోహాను వ్రాసిన మాట చేరింది ఈ కొత్తగా కట్టిన ఊరికే.

1910 నుండి 1914 వరకు అమెరికా పండితుడు బట్లర్ ఇక్కడ త్రవ్వించి అర్తెమి దేవి గుడిని బయటికి తీశాడు. యుద్ధము వచ్చి పని ఆగిపోయింది. తరువాత 1958లో హార్వర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయముల వారు జార్జి హాన్‌ఫ్‌మన్ నాయకత్వములో మరల మొదలుపెట్టారు. వాళ్ళు క్రీసస్ బంగారము కోసము వచ్చారు. దాని ఆనవాళ్ళు కూడా చూశారు. 1968లో ఏటి ప్రక్కన బంగారము శుద్ధిచేసిన కొలిమిలు బయటపడ్డాయి. అయితే నా మనస్సును పట్టుకొన్నది ఆ బంగారము కాదు. రాజమార్గము ప్రక్కన వరుసగా బయటపడిన చిన్న చిన్న అంగళ్ళు.

ప్రియులారా, ఆ వీధిని మనస్సులో ఊహించుకొనండి. చలువరాయి పరచిన పెద్ద రోడ్డు. రోడ్డు ప్రక్కన ఎండకు వానకు నిలబడేటట్లు స్తంభముల మీద కప్పు వేసిన నడవ. నడవ వెనుక అంగళ్ళు, దాదాపు ముప్పది. ఒక్కొక్కటి ఒక చిన్న గదో రెండు గదులో, పైన ఇంకొక అంతస్తు. అంగళ్ళ వెనుక గోడ ఒక మహా కట్టడమునకు ఆనుకొని ఉన్నది. అది పట్టణపు స్నానశాల, వ్యాయామశాల. దాని దక్షిణపు వైపున యూదుల సమాజమందిరము. ఈ అంగళ్ళు క్రీ.శ. 400 ప్రాంతములో ఏర్పడి 7వ శతాబ్దము ఆరంభము వరకు నడిచాయి. రెండు వందల ఏళ్ళు! మన ఊళ్ళల్లో తాత పెట్టిన కొట్టు మనుమడు నడిపితేనే గొప్పగా చెప్పుకుంటాము.

ఆ అంగళ్ళు ఒక రోజు మంటల్లో కూలిపోయాయి. పై అంతస్తు క్రింది అంతస్తు మీద పడింది. యజమానులు తిరిగి వచ్చి సామాను తీసుకోలేదు. అందువలన ఏ వస్తువు ఏ అంగడిలో ఉండేదో ఆ వస్తువు అక్కడే దొరికింది. పురావస్తు శాస్త్రములో ఇది అరుదు. మామూలుగా జనము ఊరు విడిచేటప్పుడు పనికివచ్చేవన్నీ మోసుకొనిపోతారు, మనకు పగిలిన కుండలు మిగులుతాయి. ఇక్కడ అలా కాదు. జాన్ క్రాఫర్డ్ అనే పండితుడు ఒక్కొక్క అంగడిని, అందులోని ఒక్కొక్క వస్తువును లెక్కగట్టి 1990లో గ్రంథముగా ప్రచురించాడు.

కొన్ని అంగళ్ళలో రంగులు అమ్మేవారు. రంగు ముద్దలు, వాటిని నూరే కల్వములు దొరికాయి. ఒక చోట కిటికీలకు బిగించే గాజు పలకల ముక్కలు వందల కొద్దీ దొరికాయి, గాజు గిన్నెలు, పాత్రలు కూడా. ఆ కాలములో కిటికీలకు గాజు బిగించుకునే ఇళ్ళు, మందిరములు ఆ ఊరిలో ఎన్ని ఉండేవో ఆలోచించండి. మరొక చోట ఇనుప తాళములు, తూకపు కోలలు, పనిముట్లు. మన ఊరి ఇనుప సామాను కొట్టు అనుకొనండి. కొన్ని భోజనశాలలు. వాటిలో ఎముకలు, ఆల్చిప్పల పెంకులు దొరికాయి. ఆ ఎముకలలో పందివి కూడా ఉన్నవి. మోషే ధర్మశాస్త్రము ప్రకారము యూదుడు పందిని తినడు, ఆల్చిప్పలను ముట్టడు. కాబట్టి ఆ భోజనశాలను నడిపినవారు యూదులు కారని త్రవ్వినవారు తీర్మానించారు. కొన్ని అంగళ్ళలో సిలువ గుర్తు గల వస్తువులు దొరికాయి, అవి క్రైస్తవులవి అన్నారు. మరికొన్ని అంగళ్ళలో ఏడు కొమ్మల దీపవృక్షపు గుర్తు దొరికింది. నిర్గమకాండము 25వ అధ్యాయములో మోషేకు చూపించబడిన ఆ దీపవృక్షమే. అవి యూదుల అంగళ్ళు.

రంగులు అమ్మిన అంగళ్ళలో ఒకదానిని పండితులు యాకోబు రంగుల అంగడి అని పిలుస్తారు. ఎందుకంటే యాకోబు అనే పేరు గ్రీకు అక్షరములలో గీసి దొరికింది, ఆయన ఒక పెద్ద అని కూడా. ఆ గ్రీకు మాట ప్రెస్బుతెరొస్. ఈ మాట మీకు తెలిసినదే. అపొస్తలుల కార్యములలో, పేతురు పత్రికలో సంఘపు పెద్దలు అని మనము చదివేచోట ఉన్నది ఆ మాటే. సమాజమందిరములోను అదే మాట, సంఘములోను అదే మాట. ఆ వీధిలో ‘పెద్దగారూ’ అని ఎవరైనా పిలిస్తే రెండు అంగళ్ళలో నుండి ఇద్దరు తలలు బయటికి పెట్టేవారేమో! ఇది నా ఊహ, శాస్త్రము కాదు. కాని ఆయన సమాజమందిరపు పెద్ద అయియుండి, వారమంతా రంగులు నూరి అమ్ముకున్నాడు. డేరాలు కుట్టిన పౌలును ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యము ఉండకూడదు.

ఇక అంగళ్ళ వెనుక గోడ దాటి లోపలికి వెళ్దాము. 1962లో ఆ సమాజమందిరము బయటపడినప్పుడు పండితులే నివ్వెరపోయారు. ప్రధాన శాల పొడవు సుమారు 60 మీటర్లు. వెయ్యిమంది వరకు కూర్చోగలరని అంచనా. ముందు ఒక ఆవరణ, అందులో కాళ్ళు చేతులు కడుగుకొనుటకు నీటి తొట్టి. నేల మీద రంగురాళ్ళ చిత్రములు. గోడలకు చలువరాతి పలకలు. ధర్మశాస్త్రము చదివే పెద్ద రాతి బల్లకు రెండు వైపులా గ్రద్దలు చెక్కబడియున్నవి. దానికి ఇరుప్రక్కల జంట సింహములు. ఆ బల్ల రోమీయుల పాత కట్టడములోనిది, ఆ సింహములు అంతకంటె ఎంతో పాతవి. యూదులు వాటిని తెచ్చి తమ మందిరములో పెట్టుకున్నారు. అసలు ఆ కట్టడమే మొదట వాళ్ళది కాదు, పట్టణపు ప్రభుత్వ కట్టడములో ఒక భాగము. నగరము నడిబొడ్డున, రాజమార్గము మీద, ప్రభుత్వ స్నానశాల ప్రక్కన యూదులకు అంత పెద్ద మందిరము. ఏదో సందులో దాక్కున్న గుంపు కాదు గదా!

గోడల మీద, నేల మీద దానము చేసినవారి పేర్లతో గ్రీకు శాసనములు ఎనభై వరకు దొరికాయి. హెబ్రీ భాషలో ఉన్నవి కొద్ది ముక్కలే. దాతలలో కొందరు తాము పట్టణ సభ సభ్యులమని వ్రాయించుకున్నారు. కొందరు కంసాలులు. ఒకాయన యాజకుడును బోధకుడును అని చెప్పుకున్నాడు. అనేకులు ఇచ్చిన సొమ్ము తమదని చెప్పుకోలేదు, దేవుని పోషణ వలన కలిగిన దానిలో నుండి ఇస్తున్నామని వ్రాయించారు. మన మందిరములలో శంకుస్థాపన రాళ్ళ మీద పేర్లు ఎలా వ్రాయిస్తున్నామో ఒకసారి చూసుకోవచ్చు.

ఈ మందిరము ప్రస్తుత రూపము 4వ శతాబ్దములో వచ్చిందని త్రవ్వినవారు చెప్పారు. 6వ శతాబ్దమని ఇటీవలి పండితులు కొందరు వాదిస్తున్నారు. ఏది నిజమైనా ఒక సంగతి మారదు. రోమా సామ్రాజ్యమంతా క్రైస్తవ చక్రవర్తుల చేతిలో ఉన్న కాలములో ఈ మందిరము వాడుకలో ఉన్నది. దానిని ఎవరూ పడగొట్టి చర్చి చేయలేదు.

ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానో వినండి. ఇతర చోట్ల అలా జరగలేదు. 388లో యూఫ్రటీసు నది ఒడ్డున కల్లినికుము అనే ఊరిలో క్రైస్తవులు సమాజమందిరమును తగులబెట్టారు. దానిని మరల కట్టించాలని చక్రవర్తి థియోదోసియసు ఆజ్ఞాపిస్తే, మిలాను బిషప్పైన అంబ్రోసు అడ్డుపడి ఆజ్ఞను వెనక్కి తీయించాడు. అంబ్రోసు మామూలు మనిషి కాదు, అగస్టీనుకు బాప్తిస్మమిచ్చిన దైవజనుడు. 423లో ఒక చట్టము వచ్చింది. సమాజమందిరములను ఆక్రమించకూడదు, కాల్చకూడదు, అయితే కొత్తవి కట్టకూడదు అని దాని సారాంశము. కాల్చకూడదని చట్టము చేయవలసి వచ్చిందంటే కాలుస్తున్నారన్నమాట.

పోనీ, సార్దీస్ క్రైస్తవ ప్రసంగీకులు మెత్తగా మాట్లాడారా అంటే అదీ లేదు. క్రీ.శ. 2వ శతాబ్దములో ఈ ఊరికి మెలితో అనే బిషప్పు ఉండేవాడు. గొప్ప పండితుడు. పాత నిబంధన పుస్తకములు ఏవేవో నిర్ధారించుకొనుటకు స్వయముగా తూర్పు దేశములకు ప్రయాణము చేశాడని యూసీబియసు చరిత్రలో ఉన్నది. క్రైస్తవులలో ఆ పుస్తకముల జాబితా ఇచ్చినవారిలో మనకు తెలిసిన మొదటివాడు ఆయనే. ఆయన పస్కాను గూర్చి చేసిన ప్రసంగము ఒకటి పాపిరసు మీద దొరికి, 1940లో అచ్చయింది. అందులో క్రీస్తును పస్కా గొఱ్ఱెపిల్లగా చూపించే భాగములు చదివితే హృదయము కరిగిపోతుంది. అదే ప్రసంగము చివరి భాగములో ఇశ్రాయేలు జనము మీద విరుచుకుపడతాడు. దేవుని చంపిన నేరము ఆ జనము మీద మోపుతాడు. ఆ మాట తరువాతి శతాబ్దములలో యూదుల ప్రాణములు ఎన్ని తీసిందో ఐరోపా చరిత్ర చదివినవారికి తెలుసు.

గమనించండి, నేను పైన వర్ణించిన పెద్ద సమాజమందిరము మెలితో కాలములో ఇంకా లేదు. కాని యూదులు అప్పటికే ఆ ఊరి పాత కాపురస్థులు. జోసెఫసు భద్రపరచిన ఒక తీర్మానములో సార్దీస్ సభ యూదులకు కూడుకొనుటకు స్థలమిచ్చింది. వారికి తగిన ఆహారము బజారులో దొరికేటట్లు చూడవలసిన బాధ్యత బజారు అధికారులకు అప్పగించింది. అది క్రీ.పూ. 1వ శతాబ్దపు మాట. కాబట్టి మెలితో ఎవరిని గూర్చి మాట్లాడాడో వాళ్ళు ఆయన వీధిలోనే ఉన్నారు, ఎక్కడో యెరూషలేములో కాదు.

సెమినరీలో మనము చదువుకునే సంఘచరిత్ర పుస్తకములలో మెలితో ఉంటాడు, అంబ్రోసు ఉంటాడు, మహాసభలు, సిద్ధాంతములు, చట్టములు ఉంటాయి. యాకోబు ఉండడు. ఆయన ప్రక్క అంగడిలో సిలువ గుర్తు గల గిన్నె పెట్టుకున్న మనిషి ఉండడు. బోధించినవారు వ్రాశారు, వ్రాసినది నిలిచింది. అమ్ముకున్నవారు వ్రాయలేదు. వాళ్ళ సాక్ష్యము పధ్నాలుగు వందల సంవత్సరములు మట్టిలో పడియున్నది. దానిని వినకుండా 5వ శతాబ్దపు సంఘము ఇలా జీవించింది అని చెప్పడం, ఒక ఊరి మైకులో వచ్చిన ఉపన్యాసము మాత్రమే విని ఆ ఊరి మనుషులందరినీ లెక్కగట్టినట్లుంటుంది.

అయితే ఎదురు మాట కూడా చెప్పాలి. అంగళ్ళు ప్రక్కప్రక్కన ఉన్నంత మాత్రాన ప్రేమ ఉన్నదని అర్థము కాదు. అద్దె ఒక్కరికే కడుతూ మాట్లాడుకోని కొట్లవారిని మనమూ చూస్తున్నాము. సిలువ గల పాత్రను యూదుడు కొని వాడుకోకూడదని లేదు. పంది ఎముక ఒక్కటి దొరికినంతలో ఆ కొట్టు ఎవరిదో తేలిపోదు. ఇంకా ఆలోచిస్తే, సిలువ లేదు, దీపవృక్షము లేదు, అలాంటి అంగళ్ళు కూడా ఉన్నవి. వాళ్ళెవరో మట్టి చెప్పలేదు. నేను నమ్మకముగా చెప్పగలిగినది ఇంతవరకే: చట్టములు బిగుసుకుంటున్న ఆ రెండు వందల ఏళ్ళలో యూదులు ఆ వీధి నుండి గెంటివేయబడలేదు, వాళ్ళ మందిరము ద్వారము మూయబడలేదు. అది చిన్న సంగతి కాదు.

ఇదే ఊరిలో మరొక కథ ఉన్నది. యునాపియసు అనే చరిత్రకారుడు సార్దీస్‌లో పుట్టినవాడు, క్రైస్తవుడు కాడు, క్రైస్తవులంటే గిట్టనివాడు. తన గురువైన క్రిసాంథియసు జీవితము వ్రాశాడు. 361లో జూలియన్ చక్రవర్తి సింహాసనమెక్కి, క్రైస్తవ్యమును తీసివేసి పాత దేవతల పూజను నిలబెట్టాలని చూశాడు గదా. ఆ జూలియన్ క్రిసాంథియసును తన ఆస్థానమునకు పిలిస్తే ఆయన వెళ్ళలేదు. అప్పుడు చక్రవర్తి ఆయనను, ఆయన భార్యను లుదియ అంతటికీ ప్రధాన పూజారులుగా నియమించాడు. చేతిలో అధికారము వచ్చింది. కాని ఆయన క్రైస్తవులను బాధించలేదు, గుళ్ళు కట్టించాలని హడావిడి చేయలేదు. 363లో జూలియన్ యుద్ధములో చనిపోయాడు. చక్రము మరల తిరిగింది. ఇతర చోట్ల అల్లకల్లోలమైనా లుదియలో పెద్ద మార్పేమీ కనబడలేదని, అది ఆయన సౌమ్యము వలననే అని శిష్యుడు వ్రాశాడు. పొగడ్త కొంత తీసివేసినా, మిగిలినది మనము గౌరవించవలసినదే.

దానికి ప్రక్కన ఇంకొక రాయి పెట్టి చూడండి. 6వ శతాబ్దములో హైపెరెకియసు అనే క్రైస్తవ అధికారి, చక్రవర్తి పంపిన న్యాయాధిపతి, సార్దీస్‌లో పాత దేవతలను పూజించినవారికి శిక్షలు వేశాడు. శిక్షపడినవారి వివరములు రాతి మీద చెక్కించారు. వారిని అపవిత్రులని ఆ రాయి దూషిస్తుంది. ఒకరిని రోగుల ఆశ్రమములో పది సంవత్సరములు నిర్బంధించాలని అందులో ఉన్నది. అధికారము లేనప్పుడు మన సంఘము శ్రమపడిన సంగతి మనము తరచు చెప్పుకుంటాము. అధికారము వచ్చినప్పుడు ఏమి చేసిందో కూడా మన పిల్లలకు మనమే చెప్పాలి. లేకపోతే వేరేవాళ్ళు చెప్తారు, అప్పుడు వాళ్ళకు మన మీద నమ్మకము పోతుంది.

సరే, రోజువారీ జీవితము అన్నాను కాబట్టి నాకెంతో ఇష్టమైన ఒక శాసనము గూర్చి చెప్పకుండా ఉండలేను. 459 ఏప్రిల్ 27న సార్దీస్‌లోని తాపీమేస్త్రీలు, కట్టడపు పనివారు అందరూ కలిసి ఒక ఒప్పందము చేసుకున్నారు. ఎందుకు? పని ఒప్పుకొని, సగములో వదిలి, మరొకరిని చేయనివ్వక యజమానులను తిప్పలు పెడుతున్నారని ఫిర్యాదులు వెళ్ళాయి. మందిరము కట్టించిన ఏ కమిటీవారైనా ఇక్కడ నవ్వుకోక మానరు. పదిహేను వందల అరవై ఏళ్ళ క్రిందటి మాట ఇది!

ఆ ఒప్పందములో వాళ్ళు పరిశుద్ధ త్రిత్వము మీదను, చక్రవర్తి క్షేమము మీదను ప్రమాణము చేశారు. యజమాని ఒప్పుకున్న కూలి ఇస్తే మొదలుపెట్టిన పని పూర్తి చేస్తాము. మేస్త్రీకి వేరే అవసరము వచ్చి రాలేకపోతే మాలో ఇంకొకడు వచ్చి ఆ పని పూర్తి చేస్తాడు. పనివాడు జబ్బుపడితే యజమాని ఇరవై రోజులు ఆగాలి. బాగైన తరువాత కూడా రాకపోతే మరొకడిని పెట్టుకోవచ్చు. మాట తప్పితే ఎనిమిది బంగారు నాణెములు జరిమానా, ఆ సొమ్ము పట్టణపు పనులకు వాడాలి. జబ్బుపడిన కూలివానికి ఇరవై రోజులు! మన దగ్గర ఎంతమంది కూలీలకు ఇరవై రోజులు ఆగే యజమాని ఉన్నాడు? త్రిత్వ సిద్ధాంతము మీద మహాసభలలో ఎన్ని వాదములు జరిగాయో చదువుకున్నాము. 451లో కల్కెదోను మహాసభ ముగిసి అప్పటికి ఎనిమిదేళ్ళే. అదే త్రిత్వము పేరు ఇక్కడ సున్నము, ఇటుక, కూలి, జ్వరము మధ్యలో పలికించారు. సిద్ధాంతము వీధిలోకి దిగిన చోటు ఇది.

సంఘముల ఆనవాళ్ళు కూడా ఆ ఊరిలో ఉన్నవి. అర్తెమి గుడి మూలన ఒక చిన్న చర్చి ఇప్పటికీ నిలబడియున్నది, 4వ శతాబ్దమువారు మొదలుపెట్టినది. పెద్ద గుడిని పడగొట్టలేదు, దాని ప్రక్కన చిన్నది కట్టుకున్నారు, గుడి గోడల మీద సిలువలు గీశారు. ఆ చుట్టుప్రక్కల సమాధులుండేవి, కాబట్టి చనిపోయినవారి కొరకు ప్రార్థన కూడికలు అక్కడ జరిగియుండవచ్చునని పండితుల భావము. పట్టణపు గోడ వెలుపల క్రీ.శ. 350 ప్రాంతపు మరొక చర్చి 1972లో బయటపడింది. గోడలకు నెమళ్ళు, పువ్వులు చిత్రించిన క్రైస్తవ సమాధి కూడా ఒకటున్నది. ఆ కాలపు విశ్వాసులకు నెమలి నిత్యజీవమునకు గుర్తు. ఆ రంగులు ఏ అంగడిలో కొన్నారో మరి.

ఆ వీధి ఎలా ముగిసిందో చెప్పి ఆపుతాను. అంగళ్ళలో దొరికిన నాణెముల వరుస 616 దగ్గర ఆగిపోతుంది. అది పారసీక రాజైన ఖుస్రో సైన్యములు రోమా సామ్రాజ్యమును చీల్చివేస్తున్న కాలము. 614లోనే యెరూషలేము వారి చేతిలో పడింది. కాబట్టి సార్దీస్‌ను కాల్చినది కూడా పారసీకులేనని చాలాకాలము వ్రాశారు. భూకంపము వచ్చి, దీపములు, పొయ్యిలు ఒరిగి అంటుకొన్న మంట అయియుండవచ్చునని ఇప్పుడు కొందరు అంటున్నారు. దాడి చేసినవారు ఇనుము, ఇత్తడి, డబ్బు వదిలి వెళ్తారా అని వాళ్ళ ప్రశ్న.

ఏది జరిగినా ఊరు మరల అంతటిది కాలేదు. కొండ మీద కోటలో కొందరు మిగిలారు, బిషప్పులు కొనసాగారు, కాని ఆ రాజమార్గపు వ్యాపారము ముగిసింది. 2025లో యునెస్కో సంస్థ సార్దీస్‌ను ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చింది. ఈ రోజు అక్కడికి వెళ్ళేవారికి సమాజమందిరపు నేల, దాని వెలుపల మోకాళ్ళ ఎత్తునో నడుము ఎత్తునో నిలిచిన అంగళ్ళ గోడలు కనబడతాయి. గదికీ గదికీ మధ్య ఒక్కటే గోడ, దానిని ఇద్దరూ వాడుకున్నారు. ఆ గోడకు ఇటువైపు దీపవృక్షపు గుర్తు, అటువైపు సిలువ గుర్తు ఉన్న వస్తువులు ఒకే బూడిద క్రింద దొరికాయి.